సెలీనియం ఎక్కువైతే షుగర్ వస్తుందా? మీ ఇంటి లెక్క మీరే తీసే పద్ధతి

షుగర్ ఉన్న ఇంట్లో మందుల డబ్బా తెరవండి. మెట్‌ఫార్మిన్ పక్కనే ఏదో ఒక మల్టీవిటమిన్ స్ట్రిప్ కనిపిస్తుంది. దాని వెనక చిన్న అక్షరాల్లో జింకు, క్రోమియం, సెలీనియం అని వరసగా ఉంటాయి. డాక్టరు ఒకసారి నెల రోజులకు రాసి ఉంటారు, మనం రెండేళ్ళుగా వాడుతూ ఉంటాం. అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన పెద్ద డబ్బా అయితే అది అయిపోయేదాకా వేసుకుంటాం. యాంటీ ఆక్సిడెంట్ కదా, మంచిదే కదా అన్న నమ్మకం.

సెలీనియం అనే ఖనిజం శరీరానికి కొద్దిగా కావలసిందే, అందులో సందేహం లేదు. కానీ సరిపడా ఉన్నవాళ్ళు బిళ్ళల రూపంలో ఇంకా వేసుకుంటే షుగర్ తగ్గుతుందనడానికి నికరమైన ఆధారం లేదు, పెరిగే ప్రమాదం ఉందనడానికి మాత్రం కొంత ఆధారం ఉంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇండియాబ్ సర్వే 2023లో ఇచ్చిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున, అంటే ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు. ఈ రెండో గుంపులో ఆరోగ్యం మీద శ్రద్ధతో సప్లిమెంట్లు కొనేవాళ్ళు ఉంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ళ కోసం. కాగితం, పెన్ను, ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ దగ్గర పెట్టుకుని చదవండి.

మొదటి అడుగు: నాలుగైదు అంకెలు రాసిపెట్టుకోండి

సెలీనియాన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తారు. గ్రాములో పది లక్షల వంతు ఒక మైక్రోగ్రాము. లేబుల్ మీద ఎంసీజీ అని ఉంటుంది. కొన్నిటి మీద మిల్లీగ్రాముల్లో వేస్తారు. 0.2 మిల్లీగ్రాములు అని ఉంటే "అబ్బ, ఎంత తక్కువో" అనిపిస్తుంది, కానీ అది 200 మైక్రోగ్రాములు. ముందే ఒకే కొలతలోకి మార్చుకుంటే తరవాత తికమక ఉండదు.

పెద్దవాళ్ళకి రోజుకు ఐసీఎంఆర్ చెప్పేది 40 మైక్రోగ్రాములు. అమెరికా వాళ్ళు 55 అంటారు, గర్భిణులకు 60, పాలిచ్చే తల్లులకు 70. ఇది దాటకూడదు అనే పైహద్దు అమెరికాలో 400 ఉండేది, ఇప్పటికీ ఉంది. యూరప్ ఆహార భద్రతా సంస్థ మాత్రం 2023లో తన హద్దును 255కి దించింది. మన లెక్కకు ఈ 255నే పెట్టుకోమని నా సలహా. అవసరానికీ హద్దుకూ మధ్య ఇంత తక్కువ ఎడం ఉండే పోషకాలు కొన్నే, సెలీనియం వాటిలో ఒకటి. విటమిన్ సి మోతాదు కొంచెం ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతుంది. దీనితో అలా తేలిగ్గా ఊరుకోలేం.

రెండో అడుగు: పరిశోధనలు ఏం తేల్చాయో చూడండి

ఈ అడుగు కాస్త పొడుగు. ఓపిగ్గా చదవండి, ఎందుకంటే యూట్యూబ్‌లో ఎవరో ఒకరు "సెలీనియం షుగర్‌ని తగ్గిస్తుంది" అనీ, ఇంకొకరు "సెలీనియం షుగర్ తెస్తుంది" అనీ చెబుతారు. ఇద్దరి చేతుల్లోనూ నిజమైన అధ్యయనాలే ఉంటాయి.

1983లో అమెరికా తూర్పు ప్రాంతంలో ఒక పెద్ద ప్రయోగం మొదలైంది. చర్మ క్యాన్సర్ వచ్చి తగ్గిన 1,312 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజూ 200 మైక్రోగ్రాముల సెలీనియం ఉన్న ఈస్ట్ బిళ్ళ, రెండో గుంపుకు మందు లేని బిళ్ళ ఇచ్చారు. క్యాన్సర్ తిరిగి రాకుండా ఆపుతుందా అన్నది అప్పటి ప్రశ్న. చాలా ఏళ్ళ తరవాత సావెరియో స్ట్రాంజెస్ అనే పరిశోధకుడి బృందం అదే సమాచారాన్ని తీసి షుగర్ కోణంలో చూసింది. మొదట్లో షుగర్ లేనివాళ్ళు 1,202 మంది. సగటున 7.7 ఏళ్ళలో సెలీనియం వేసుకున్న 600 మందిలో 58 మందికి, ఉత్త బిళ్ళ వేసుకున్న 602 మందిలో 39 మందికి టైప్ 2 షుగర్ వచ్చింది. 2007లో ఈ ఫలితం బయటికి వచ్చేసరికి అందరూ ఉలిక్కిపడ్డారు. మేలు చేస్తుందనుకున్నది వందమందిలో ముగ్గురికి అదనంగా జబ్బు తెచ్చినట్టు కనిపించింది.

ఆ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే విషయం ఇంకోటి ఉంది. మొదలుపెట్టేనాటికే ఎవరి రక్తంలో సెలీనియం ఎక్కువగా ఉందో, అంటే మిల్లీలీటరుకు 121.6 నానోగ్రాములు దాటి ఉందో, వాళ్ళలోనే ప్రమాదం బాగా పెరిగింది. ఉత్త బిళ్ళ వేసుకున్నవాళ్ళతో పోలిస్తే 2.7 రెట్లు. ఈ ఒక్క వాక్యం మనసులో పెట్టుకుంటే మిగతా గందరగోళం చాలావరకు విడిపోతుంది: బిళ్ళ ఏం చేస్తుందన్నది మీలో ముందే ఎంత ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఆ తరవాత సెలెక్ట్ అనే ఇంకా పెద్ద ప్రయోగం జరిగింది. అమెరికా, కెనడా, ప్యూర్టో రికోలలో 35,533 మంది మగవాళ్ళు. రోజుకు 200 మైక్రోగ్రాములే. 2008లో మధ్యలోనే ఆపేశారు, ఎందుకంటే ప్రొస్టేట్ క్యాన్సర్‌ను ఆపుతుందన్న ఆశ తీరలేదు. షుగర్ విషయంలో సెలీనియం గుంపులో 7 శాతం ఎక్కువ కనిపించింది, కానీ అది యాదృచ్ఛికంగా రాగల తేడాయే. ఈ రెండూ కలిపి చూస్తే భయపడి పరుగెత్తాల్సిన పని లేదు, మేలు ఆశించాల్సిన పని అంతకన్నా లేదు.

మరి "తగ్గిస్తుంది" అనేవాళ్ళ మాటేమిటి? అమెరికాలో నర్సులు, ఇతర ఆరోగ్య వృత్తుల వాళ్ళ మీద జరిగిన దీర్ఘకాల అధ్యయనాల్లో కాలి గోళ్ళ ముక్కలు తీసుకుని సెలీనియం కొలిచారు. గోరు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి చాలా నెలల తిండి అందులో నమోదై ఉంటుంది. గోళ్ళలో సెలీనియం ఎక్కువున్న ఐదో వంతు మందిలో, తక్కువున్న ఐదో వంతుతో పోలిస్తే షుగర్ 24 శాతం తక్కువ వచ్చింది. ఇది 2012 నాటి ఫలితం. అంతకు రెండేళ్ళ ముందు ఉత్తర ఇటలీ మహిళల మీద వచ్చిన అధ్యయనం దీనికి సరిగ్గా ఎదురు: తిండిలో సెలీనియం ఎక్కువ తీసుకున్నవాళ్ళలో షుగర్ రెట్టింపుకు మించి కనిపించింది.

ఇవన్నీ జనాన్ని గమనించి రాసినవి. ఎక్కువ సెలీనియం తినేవాళ్ళు ఇంకా ఏమేం తింటున్నారు, మాంసం ఎంత, బరువు ఎంత అన్న చిక్కులు వీటిలో పూర్తిగా విడిపోవు. బిళ్ళ ఎవరికి ఇవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించే ప్రయోగాల్లో ఈ చిక్కు చాలా తక్కువ. అందుకే వార్త చదివేటప్పుడు ముందు ఇది చూడండి: బిళ్ళ ఇచ్చి చూశారా, లేక అప్పటికే ఉన్న అలవాట్లను లెక్కవేశారా? తరవాత ఆ దేశపు జనంలో సెలీనియం ముందే ఎంతుందో చూడండి.

శరీరం లోపల జరిగేది కూడా కొంత తెలుసు. ఇన్సులిన్ కణం తలుపు తట్టినప్పుడు లోపల కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. ఇన్సులిన్ సంకేతాన్ని ఆపేసే ఒక ఎంజైమును ఆ పెరాక్సైడ్ కాసేపు పని చేయనివ్వదు. దానివల్ల సంకేతం బలంగా సాగుతుంది. సెలీనియంతో తయారయ్యే గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ ఈ పెరాక్సైడ్‌ను తుడిచేస్తుంది. సరిపడా తుడిస్తే రక్షణ. అవసరానికి మించి తుడిస్తే ఇన్సులిన్ మాటకు బలం తగ్గుతుంది. ఈ ఎంజైము మరీ ఎక్కువ తయారయ్యేలా మార్చిన ఎలుకలు లావెక్కి, ఇన్సులిన్‌కు లొంగకుండా పోయాయని 2004లో అమెరికాలోని కార్నెల్ బృందం చూపించింది. 2010లో జపాన్‌లోని కనజావా విశ్వవిద్యాలయం వాళ్ళు సెలీనోప్రోటీన్ పి మీద పనిచేశారు. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలే ప్రోటీన్ ఇది. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువగా ఉందనీ, ఎలుకలకు ఇస్తే ఇన్సులిన్ పని మందగించిందనీ తేల్చారు.

ఇక్కడో మెలిక ఉంది. గ్లూకోజు పెరిగితే కాలేయం ఈ ప్రోటీన్‌ను ఎక్కువ తయారుచేస్తుంది, ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ దాన్ని తగ్గిస్తాయి. అంటే రక్తంలో సెలీనియం ఎక్కువ కనబడటం కొందరిలో షుగర్‌కు కారణం కాక, షుగర్ వల్ల వచ్చిన ఫలితం కూడా కావచ్చు. ఒక్క రక్తపరీక్ష చూసి తీర్పు చెప్పకూడదు అనడానికి ఇదే కారణం.

మూడో అడుగు: డబ్బాలన్నీ బల్ల మీద పెట్టండి

అసలు పని ఇక్కడుంది. "నేను సెలీనియం ఏమీ వాడటంలేదు" అని చెప్పేవాళ్ళే ఎక్కువ. సెలీనియం అన్న పేరుతో కొనకపోవచ్చు. మల్టీవిటమిన్, జుట్టు రాలకుండా వేసుకునే బిళ్ళ, కళ్ళకోసం అని రాసినది, ప్రోటీన్ పౌడరు, పిల్లల కోసం ప్రయత్నించే మగవాళ్ళకు ఇచ్చే యాంటీ ఆక్సిడెంట్ బిళ్ళ, థైరాయిడ్ సపోర్ట్ అని అమ్మేవి, షుగర్ పేషెంట్ల కోసమని ప్రత్యేకంగా తయారైన పౌడర్లు అన్నీ తీయండి. ఇంట్లో ఎవరు ఏది వేసుకుంటారో విడివిడిగా రాయండి.

ప్రతి లేబుల్ మీదా రెండు విషయాలు చూడాలి. ఒకటి, రాసిన అంకె ఎంత పరిమాణానికి? ఒక బిళ్ళకా, రెండు బిళ్ళలకా, వంద గ్రాముల పౌడరుకా? పౌడర్ డబ్బా మీద వంద గ్రాములకు ఇచ్చి, మీరు రోజుకు ముప్ఫై గ్రాములు వేసుకుంటే ఆ వంతే లెక్కించాలి. రెండు, ఆ అంకె అసలు సెలీనియానిదా, దాన్ని మోసే రసాయనానిదా? "సోడియం సెలినైట్" అని రాసి, పక్కన అసలు సెలీనియం ఎంతకు సమానమో చెప్పకుండా 100 మైక్రోగ్రాములు అని మాత్రమే ఉంటే, అందులో సెలీనియం సుమారు 46. నీళ్ళతో కలిసిన పెంటాహైడ్రేట్ రూపమైతే 30. సెలీనోమెథియోనైన్ అయితే 40 దాకా. సమానమైన మొత్తం పక్కనే ఇచ్చి ఉంటే ఆ అంకెనే తీసుకోండి, మళ్ళీ భాగించకండి.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. యాభై దాటిన ఒకావిడ అనుకోండి, ప్రీడయాబెటిస్ ఉంది, జుట్టు రాలుతోంది. మల్టీవిటమిన్‌లో 60, జుట్టు బిళ్ళలో 70, పొద్దున పాలల్లో కలుపుకునే పౌడరు రెండు స్కూపుల్లో 30. మొత్తం 160. తిండి నుంచి ఒక 60 అనుకుంటే 220. ఏ ఒక్క డబ్బా చూసినా ప్రమాదంగా అనిపించదు. మూడూ తిండితో కలిసి ఐసీఎంఆర్ చెప్పినదానికి ఐదు రెట్లు దాటాయి, యూరప్ హద్దుకు దగ్గరికి వెళ్ళాయి. ఆమె ఆన్‌లైన్లో ఒక 200 మైక్రోగ్రాముల సెలీనియం డబ్బా కూడా తెప్పిస్తే ఆ హద్దు దాటి 400 కూడా మించిపోతుంది.

జుట్టు గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సెలీనియం మితిమీరితే మొదట కనిపించే లక్షణాల్లో జుట్టు ఊడటం, గోళ్ళు పెళుసుబారటం ఉన్నాయి. జుట్టు కోసం వేసుకుంటున్న బిళ్ళ మోతాదు మించి జుట్టే ఊడగొడితే, అది తెలియక ఇంకో బిళ్ళ కలుపుకునే అవకాశం ఉంది. 2008లో అమెరికాలో ఒక ద్రవ సప్లిమెంట్ తయారీలో పొరపాటు జరిగి, లేబుల్ మీద ఉన్నదానికి సుమారు 200 రెట్లు సెలీనియం పడింది. 201 మంది జబ్బుపడ్డారు. విరేచనాలు, అలసట, జుట్టు ఊడటం, కీళ్ళ నొప్పులు, గోళ్ళ రంగు మారటం.

నాలుగో అడుగు: తిండి లెక్క

దీనికి మరీ అంత కచ్చితం అక్కర్లేదు. పంట పండిన నేలలో ఎంత సెలీనియం ఉంటే ధాన్యంలో అంత ఉంటుంది కాబట్టి, ఏ పట్టికయినా అంచనాయే. అమెరికా పట్టికల ప్రకారం ఒక పెద్ద కోడిగుడ్డులో సుమారు 15 మైక్రోగ్రాములు, ఉడికించిన 85 గ్రాముల రొయ్యల్లో 40 పైన, అంతే చికెన్‌లో 20 చిల్లర, కప్పు పాలల్లో 6 నుంచి 8, కప్పు ఉడికిన మసూర్ పప్పులో 6. మన ధాన్యాలు, పప్పులు, చేపలకు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు చూడండి, 528 ఆహార పదార్థాలున్నాయి, సెలీనియం కూడా కొలిచారు.

రెండు గుడ్లు, ఒక పూట రొయ్యల కూర, కప్పు పెరుగు, కప్పు పప్పు అంటే అన్నం లెక్కలోకి రాకుండానే 80 దాటింది. కోస్తాలో చేపలు, గుడ్లు తినే ఇంటికి బిళ్ళ అవసరం రావడం అరుదు. గుడ్డు కూడా ముట్టని శాకాహారులకు లెక్క తక్కువ రావచ్చు. అలా వచ్చినంత మాత్రాన బిళ్ళ కొనాలని కాదు. పాలు, పెరుగు, పప్పులు, పుట్టగొడుగులు, గోధుమ రొట్టెలతో చాలావరకు సరిపోతుంది.

బ్రెజిల్ నట్స్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఇప్పుడు హైదరాబాద్ డ్రైఫ్రూట్ షాపుల్లోనూ దొరుకుతున్నాయి. ముప్ఫై గ్రాములలోపు, అంటే ఆరేడు గింజల్లో 500 దాటి ఉండొచ్చు. గింజకూ గింజకూ తేడా కూడా చాలా ఎక్కువ. బాదంపప్పుల్లా గుప్పెడు తినేవి కావు. ఎప్పుడైనా ఒకటి చాలు, రోజూ మల్టీవిటమిన్ వేసుకునేవాళ్ళు అది కూడా మానేయడం మేలు.

ఐదో అడుగు: మీరు ఏ నేల పంట తింటున్నారు?

పంజాబ్‌లోని నవాన్‌షహర్ (ఇప్పుడు షహీద్ భగత్ సింగ్ నగర్), హోషియార్‌పూర్ జిల్లాల్లో కొన్ని ఊళ్ళ నేలల్లో సెలీనియం చాలా ఎక్కువ. శివాలిక్ కొండల నుంచి కొట్టుకొచ్చిన మట్టే దానికి మూలం. అక్కడ పశువుల గిట్టలు ఊడటం, మనుషుల జుట్టు, గోళ్ళు పాడవటం పరిశోధకులు నమోదు చేశారు. 2024 చివర, 2025 మొదట్లో మహారాష్ట్రలోని బుల్ధానా జిల్లాలో జనానికి ఉన్నట్టుండి జుట్టు ఊడిపోయినప్పుడు, రేషన్ గోధుమల్లో ఉన్న సెలీనియమే కారణమని డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ వాదించారు. ధాన్యం రాష్ట్రాలు దాటి వస్తుంది కాబట్టి మన ఊరి మట్టి ఒక్కటే లెక్కలోకి రాదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇది ప్రత్యేకంగా గమనించాలి. అక్కడి గోధుమ, మాంసం కారణంగా సగటున తిండి నుంచే రోజుకు సుమారు 108 మైక్రోగ్రాములు అందుతుంది. ముందే నిండుగా ఉన్న గుంపులో మీరున్నట్టు. అక్కడి మల్టీవిటమిన్లలో మామూలుగా కనిపించే సెలీనియం మీకు అదనమే. దానికి పూర్తిగా ఎదురు కథ ఫిన్లాండ్‌ది. నేలలో సెలీనియం మరీ తక్కువని 1980లలో ఎరువుల్లోనే కలపడం మొదలుపెట్టారు. చైనాలోని కెషాన్ ప్రాంతంలో కొరత వల్ల పిల్లలకు, ఆడవాళ్ళకు గుండె జబ్బు వచ్చేది. కొరతలో ఉన్నవాళ్ళకు ఇవ్వాల్సిందే, ఇందులో ఎవరికీ తగాదా లేదు.

ఆరో అడుగు: ఆపాలా, ఉంచాలా?

మీ మొత్తం 100 లోపు ఉండి, డాక్టరు రాసిన మామూలు మల్టీవిటమిన్ వాడుతుంటే హైరానా పడకండి. సప్లిమెంట్ల నుంచే 100 దాటుతుంటే, ఎవరూ ప్రత్యేకించి రాయకుండా మీరే కొన్నవి ముందు ఆపండి. సెలీనియం బిళ్ళ ఆపితే వెంటనే వచ్చే ఇబ్బంది ఏదీ లేదు. మెట్‌ఫార్మిన్, ఇన్సులిన్ మాత్రం ఈ లెక్కలో పెట్టి ముట్టుకోకండి.

డాక్టరు కావాలని రాసినవి వేరు. థైరాయిడ్ వల్ల కళ్ళు ఉబ్బే గ్రేవ్స్ జబ్బు తేలికపాటి దశలో ఆరు నెలల పాటు రోజుకు రెండుసార్లు 100 మైక్రోగ్రాముల సోడియం సెలినైట్ ఇస్తే మేలు జరిగిందని 2011లో యూరప్ ప్రయోగం చూపింది. అందులో మోతాదు, గడువు రెండూ ఉన్నాయి. చాలా కాలంగా డయాలిసిస్ చేయించుకునేవాళ్ళు, పేగుల ఆపరేషన్ అయినవాళ్ళు, నరం ద్వారా మాత్రమే ఆహారం ఎక్కించుకునేవాళ్ళకు కొరత రావచ్చు, వాళ్ళకు కూడా డాక్టరు చెబితే తప్పనిసరిగా వాడాలి. అలాంటి చీటీ మీ దగ్గరుంటే "ఇది ఎన్నాళ్ళు?" అని మాత్రం అడగండి. గడువు దాటాక కూడా వాడటమే ఎక్కువ ఇళ్ళలో జరిగేది. డెన్మార్క్‌లో ఐదేళ్ళపాటు రోజుకు 300 మైక్రోగ్రాములు ఇచ్చిన గుంపులో ఆ తరవాతి ఏళ్ళలో మరణాలు పెరిగినట్టు 2018లో తేలింది, కాబట్టి గడువు మాట చిన్నది కాదు.

రక్తంలో సెలీనియం పరీక్ష మామూలు మనిషికి అక్కర్లేదు. ప్యాకేజీలో ఉందని చేయించుకోవద్దు. నోట్లో లోహపు రుచి, ఊపిరిలో వెల్లుల్లి వాసన (వెల్లుల్లి తినకుండానే), గోళ్ళు విరగటం, వేళ్ళు తిమ్మిరెక్కడం, కుచ్చులుగా జుట్టు ఊడటం వీటిలో రెండు మూడు కలిసి ఉంటే, డబ్బాలన్నీ ఆపి, వాటితో సహా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు తిమ్మిర్లను నరాల జబ్బు అని వదిలేసే ప్రమాదం ఉంది, అందుకని సప్లిమెంట్ల సంగతి మీరే ముందుగా చెప్పాలి.

ఏడో అడుగు: షుగర్ సంగతి విడిగా చూసుకోండి

సెలీనియం లెక్క సరిచేసుకున్నంత మాత్రాన షుగర్ అదుపులోకి రాదు. పరగడుపున 100 నుంచి 125 మధ్య, లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్‌గా చూస్తారు. పరగడుపున 126 గానీ, హెచ్‌బీఏ1సీ 6.5 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే మధుమేహం. ప్రీడయాబెటిస్‌లో ఏం పనిచేస్తుందో మన దగ్గరే పరీక్షించారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన ప్రయోగంలో, రోజూ అరగంట వేగంగా నడవడం, తిండి మార్చుకోవడం చేసినవాళ్ళలో మూడేళ్ళలోపు మధుమేహం 28.5 శాతం తగ్గింది. సెలీనియం మీద ఇంత ఖర్చుపెట్టి జరిగిన ఏ పెద్ద ప్రయోగమూ ఇలాంటి మేలు చూపించలేదు.

రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మందుల చీటీతోపాటు మీరు రాసిన ఈ కాగితం తీసుకెళ్ళండి. ఏ డబ్బాలో ఎంత, రోజుకు ఎన్ని, ఎప్పటినుంచి వాడుతున్నారు, ఎవరు రాశారు అన్న నాలుగు వరసలు చాలు. ఆపినవాటి పక్కన తేదీ వేయండి. మూడు నెలల తరవాత హెచ్‌బీఏ1సీ చేయించినప్పుడు, ఆ మధ్యలో నడక, తిండి, మందు, సప్లిమెంట్లలో ఏవేవి మారాయో డాక్టరు చూసి చెప్పడానికి అదే కాగితం పనికొస్తుంది.